ప్రతివాది గారికి బహిరంగ లేఖ

అయ్యా,

పక్క పొలం గట్టు మీరు జరిపిన సంగతి ఊరందరికీ తెలుసు. తొలకరికి ముందు ఒక రాత్రి ట్రాక్టరు పెట్టి దున్నించారు. తెల్లారేసరికి ముప్పై సెంట్లు మీ చేలో కలిసిపోయాయి. సర్వే రాయి మీ గడ్డివాము కింద ఉందని కూడా చెప్పుకుంటున్నారు. అది మనకు అనవసరం. పక్కాయన పోలీస్ స్టేషనుకు వెళ్తే ‘ఇది సివిల్ తగాదా, కోర్టుకు పో’ అన్నారట. సరే, కోర్టులోనే తేల్చుకుంటానని ఆయన రచ్చబండ దగ్గర శపథం చేశాడట. అప్పట్నుంచి మీకు కంటిమీద కునుకు లేదని తెలిసింది. ఆ కునుకు తిరిగి ఇప్పిద్దామనే ఈ ఉత్తరం.

మీ భయమంతా ఒక అపోహ వల్ల వచ్చింది. కోర్టంటే ఎవరిది న్యాయమో తేల్చే చోటనుకుంటున్నారు. తేలుస్తుంది, కాదనను. ఎప్పుడన్నదే ప్రశ్న, ఆ ‘ఎప్పుడు’లోనే మీ ముప్పై సెంట్లూ ఉన్నాయి. దావా నడిచినన్నాళ్ళూ పొలం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే దున్నుకుంటారు, వాళ్ళే కోసుకుంటారు. పక్కాయన తీర్పు కోసం కోర్టుకు వెళ్తాడు. మీరు వాయిదా కోసం వెళ్తారు. కోరుకున్నది చేతబట్టుకుని సాయంత్రం బస్సెక్కేది మీరే.

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడుస్తాడని సామెత. సామెత కట్టిన పెద్దలు మిమ్మల్ని లెక్కలోకి తీసుకోలేదు. కేసు తేలనివాడు ఎక్కడా ఏడవడు. పంట అమ్ముకుంటాడు.

ముందు మీరు వెళ్ళబోయే చోటు గురించి. భూమి విలువను బట్టి దావా ఏ కోర్టులో పడాలో నిర్ణయమవుతుంది. తక్కువైతే జూనియర్ సివిల్ జడ్జి కోర్టు, అంతకు మించితే సీనియర్ సివిల్ జడ్జి, ఇంకా మించితే జిల్లా కోర్టు. మీ నాన్నగారి కాలంలో మొదటిదాన్ని మున్సిఫ్ కోర్టనేవారు, రెండోదాన్ని సబ్ కోర్టనేవారు. పేర్లు మారాయి, వరండాలో బల్లలు మారలేదు. పొద్దున గట్టు తగాదాలు విన్న జూనియర్ సివిల్ జడ్జిగారే చాలాచోట్ల మధ్యాహ్నానికి మేజిస్ట్రేటై దొంగల్ని రిమాండుకు పంపుతారు. జిల్లా జడ్జిగారే సెషన్స్ జడ్జిగారు. మనిషి ఒకరే, కుర్చీ ఒకటే, కేసు కట్టలు మాత్రం రెండు రకాలు. రిమాండు ఖైదీని పోలీసులు గుమ్మంలో నిలబెట్టిన రోజున మీ గట్టు కట్ట తనంతట తనే పక్కకు జరుగుతుంది. మీరు వేలు కూడా కదపక్కర్లేదు.

పైన హైకోర్టు. తాత్కాలికం అంటే ఏమిటో దానికి అనుభవపూర్వకంగా తెలుసు. 1954లో గుంటూరులో పుట్టి, 1956లో హైదరాబాదు చేరి, రాష్ట్రం విడిపోయాక 2019 జనవరి 1న వేరు కాపురం పెట్టిన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నేలపాడులో ఒక భవనంలోకి మారింది. ఆ భవనం సిటీ సివిల్ కోర్టుల కోసం తలపెట్టినది. శాశ్వత భవనం వచ్చేదాకా ఇందులో సర్దుకోండన్నారు. మధ్యలో కర్నూలు పంపుతామన్నారు, పంపలేదు. అటు తెలంగాణ హైకోర్టు మూసీ ఒడ్డున నిజాం కాలపు మేడలో ఉంటూ, రాజేంద్రనగర్‌లో 2024లో శంకుస్థాపన చేసిన కొత్త భవనం వైపు చూస్తోంది. సొంత ఇంటి విషయంలో హైకోర్టుకే మధ్యంతర ఉత్తర్వు దిక్కైతే, మీ గట్టు మీద తుది తీర్పు రేపో మాపో వచ్చేస్తుందని మీరు బెంగపడటం ఏం బాగుంది?

ఇక పనిలోకి దిగుదాం. పక్కాయనకంటే ముందు మీరే కోర్టుకెళ్ళండి. ఆశ్చర్యపోకండి. ఇంజంక్షన్ అని ఒకటుంది. ఫలానావాడు నా స్వాధీనంలో ఉన్న భూమి జోలికి రాకుండా ఆపండి అని అడగడం. అందులో ముందు చూసేది భూమి ఎవరి చేతిలో ఉందన్నది, ఆ రాత్రి నుంచి అది మీ చేతిలోనే ఉంది. కొంప మునిగిపోతోందని మీ ప్లీడరు గట్టిగా చెప్పగలిగితే, ఎదుటివాడికి నోటీసైనా వెళ్ళకముందే తాత్కాలిక ఉత్తర్వు రావచ్చు. దాన్ని ఎక్స్‌పార్టీ ఇంజంక్షన్ అంటారు. అలా ఇచ్చిన ఉత్తర్వును ముప్పై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరు చెబుతోంది. ప్రయత్నిస్తారు. ‘ప్రయత్నించాలి’ అని రాసిన ఆ పుణ్యాత్ముడెవరో గాని, మీ ఇంట తద్దినం వచ్చినప్పుడు ఆయన పేర కూడా ఒక పిండం పెట్టండి. ఇప్పుడు సొంత పొలంలో అడుగు పెట్టకూడదని కాగితం అందుకునేది పక్కాయన.

దాంతో ఆయన తన భూమి తనకు స్వాధీనం చెయ్యాలని దావా వేస్తాడు. వేసినవాడు వాది, వేయించుకున్నవారు ప్రతివాది. ఆ ‘ప్రతి’ చూసి చిన్నబుచ్చుకోకండి. భూమి విలువను బట్టి కోర్టు ఫీజు కట్టేది వాది. మీకు వకాల్తా మీద అంటించే స్టాంపులు చాలు. వకాల్తా అంటే నా తరఫున ఈయన మాట్లాడతారని ప్లీడరుకిచ్చే అధికారపత్రం. దాని మీద సంతకం పెట్టాక మీరు నోరు విప్పాల్సింది ఫీజు బేరం దగ్గరే. దావా దాఖలైనంత మాత్రాన దానికి నంబరు పడదు. మార్జిను చాల్లేదని, ఫలానా పేజీ అక్షరాలు కనబడటం లేదని, హద్దుల పట్టిక సరిగా లేదని ఆఫీసు కట్టను వెనక్కిస్తుంది. వాది సవరించి మళ్ళీ వేస్తాడు. ఇంకో లోపం బయటపడుతుంది. మొదటిసారి చూసినప్పుడే అన్ని లోపాలూ ఎందుకు చెప్పరని ఆయన గింజుకుంటూ ఉంటాడు. మీరు మినుము చల్లుకుంటూ ఉంటారు.

నంబరు పడ్డాక మీకు సమన్లు వస్తాయి. వస్తాయి అన్నది మర్యాదకు అన్నమాట. ముందు వాది బత్తా కట్టాలి, అంటే సమన్లు అందజేయడానికయ్యే రుసుము. ఆయన గుమస్తా మర్చిపోతే ఒక వాయిదా. కట్టాక ప్రాసెస్ సర్వరు మీ ఇంటికొస్తాడు. ఆ పూట మీరు ఊళ్ళో ఉండరు. మీ ఆవిడగారికి మీరెప్పుడొస్తారో తెలియదు. ‘ఊళ్ళో లేరు’ అని రాసి కాగితం వెనక్కి పంపుతారు. రిజిస్టరు పోస్టులో పంపితే పోస్ట్‌మన్‌కీ మీరు కనబడరు. గుమ్మానికి అంటించమంటే అంటిస్తారు, వానకు ఊడిపోతుంది. చివరికి పేపరు ప్రకటన. మీ జిల్లాలో ఒక దినపత్రిక ఉంటుంది, అది అచ్చవుతున్న సంగతి కోర్టు ప్రకటనలు ఇచ్చేవాళ్ళకు తప్ప మరొకరికి తెలియదు. అందులో నాలుగో పేజీ మూలన మీ పేరు పడుతుంది. అప్పటికీ మీరు రాకపోతే మిమ్మల్ని ఎక్స్‌పార్టీ చేస్తారు, అంటే మీరు లేకుండానే కేసు నడుపుతారు. నడపనివ్వండి. డిక్రీ కూడా ఇవ్వనివ్వండి. ఇచ్చాక ముప్పై రోజుల్లో పరిగెత్తుకెళ్ళి, నాకు సమన్లే అందలేదు మహాప్రభో అంటే ఆ డిక్రీని పక్కనబెట్టి మళ్ళీ మొదలుపెట్టే ఏర్పాటు 9వ ఆర్డరులో ఉంది. ముప్పై రోజులు దాటిపోయినా ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్ ఉంది. తలుపు మూసిన ప్రతిచోటా కోడ్ ఒక కిటికీ తెరిచి ఉంచింది.

ఇక జవాబు దావా. సమన్లు అందిన ముప్పై రోజుల్లో వెయ్యాలి, కారణాలు చూపిస్తే తొంభై దాకా పొడిగించొచ్చు, అంతకు మించి కుదరదు అని చట్టంలో ఉంది. ‘కుదరదు’ చూసి కంగారు పడకండి. ఈ గడువు దారి చూపేదే గాని కాళ్ళు కట్టేసేది కాదని, తగిన కారణముంటే తొంభై తర్వాత కూడా తీసుకోవచ్చని 2005లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంతకీ అందులో ఏం రాయాలి? ఒకటి, గట్టు నేను జరపలేదు. రెండు, జరిపింది వాదే. మూడు, ఒకవేళ అది ఆయన భూమే అయినా పన్నెండేళ్ళుగా బాహాటంగా నేనే అనుభవిస్తున్నాను కాబట్టి హక్కు నాకే వచ్చేసింది. ఈ మూడోదాన్ని ప్రతికూల స్వాధీనం అంటారు. భూమి ఎదుటివాడిదని ఒప్పుకుంటే తప్ప ఆ వాదన నిలవదు, ఒప్పుకుంటే మొదటి రెండూ నిలవవు. అయినా మూడూ రాయించండి. ఇవి ఒకదానికొకటి పొసగవని తేల్చాలంటే కోర్టు వాటిని వివాదాంశాలుగా రాసుకోవాలి, సాక్ష్యం తీసుకోవాలి. పొసగని మాటకు కూడా వాయిదా ఖరీదు ఒకటే.

అసలు దావాను ఓ.ఎస్. అంటారు. దాని కడుపున పుట్టే చిల్లర దరఖాస్తులు ఐ.ఏ.లు. భూమి కొలవడానికి అడ్వొకేట్ కమిషనర్ని వెయ్యమని వాది ఐ.ఏ. వేస్తాడు, మీరు అభ్యంతరం చెప్పండి. కమిషనర్ని వేశాక సర్వేయరు రాలేదంటారు, వచ్చాక చేలో నీళ్ళున్నాయంటారు, నీళ్ళు దిగాక రిపోర్టు తప్పని ఇంకో ఐ.ఏ. వెయ్యండి. మీ చిన్నాన్నను కూడా కేసులో చేర్చాలని ఒకటి. మర్చిపోయిన దస్తావేజు ఇప్పుడు దొరికిందని ఒకటి. సాక్షిని మళ్ళీ పిలవాలని ఒకటి. ప్రతి ఐ.ఏ.కీ ఒక కౌంటరు, ఒక వాదన, ఒక ఉత్తర్వు, ఆ ఉత్తర్వు నచ్చకపోతే హైకోర్టులో సివిల్ రివిజన్. ఓ.ఎస్. మాత్రం కట్ట అడుగున చల్లగా పడుకుంటుంది.

విచారణ దశలో ఒక్కో పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదని ఎవరైనా మీతో అంటే, నిజమే అనండి. 17వ ఆర్డరులో ఆ మాట ఉంది, 2002 నుంచి అమల్లో కూడా ఉంది. అది రాజ్యాంగబద్ధమేనని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. కక్షిదారు చేతిలో లేని పరిస్థితులుంటే మాత్రం మూడు దాటినా ఇవ్వొచ్చని కూడా ఆ నోటితోనే చెప్పింది. మీ చేతిలో లేని పరిస్థితులు మీ చేతిలో ఎన్ని ఉన్నాయో మీకే తెలియదు. సీనియర్ గారు జిల్లా కోర్టులో ఉన్నారు. జూనియర్ గారికి కట్ట అందలేదు. సాక్షికి విరేచనాలు. అవన్నీ అయిపోయినా బార్ అసోసియేషన్ ఉంది. లాయర్లకు సమ్మె హక్కు లేదని 2002లో సుప్రీంకోర్టు ప్రకటించింది, మనవాళ్ళు కోర్టు మాట జవదాటరు. సమ్మె చెయ్యరు. విధులు బహిష్కరిస్తారు.

ఆ బహిష్కరణల్లో ఒకటి గుర్తుండే ఉంటుంది. భూమి హక్కు తగాదాల్ని సివిల్ కోర్టుల నుంచి తప్పించి అధికారుల ముందు పెట్టే భూ హక్కుల చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. లాయర్లు కోర్టులు వదిలి రోడ్డెక్కారు. ఎన్నికల సభల్లో అది పెద్ద అస్త్రమైంది. 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. రద్దు చెయ్యడం మంచిదే. తాసీల్దారు కింది మనిషి చేతిలో హక్కు పత్రం పెట్టేకంటే మున్సిఫ్ కోర్టు బల్ల మీద ముసలితనం రావడమే నాకూ ఇష్టం. కానీ సామాన్యుడికి సివిల్ కోర్టే రక్ష అని మైకుల్లో గొంతు చించుకున్నవాళ్ళు, అక్కడ గట్టు కేసు తేలడానికి ఎన్నేళ్ళు పడుతుందో చెప్పిన గుర్తు లేదు. రక్ష మీకో, పక్కాయనకో కూడా చెప్పలేదు.

జడ్జిగారిని మాత్రం పల్లెత్తు మాట అనకండి. పొద్దున పదిన్నరకు బెంచి ఎక్కుతారు. మొదట కాల్ వర్క్, అంటే ఆ రోజు జాబితాలో ఉన్న కేసులన్నీ వరసగా పిలవడం. బంట్రోతు వరండాలోకొచ్చి పేరు మూడుసార్లు అరుస్తాడు. డజన్ల కొద్దీ కట్టలు బల్ల మీద లేస్తాయి, పడతాయి. ఒక్కో దానికి బెంచ్ క్లర్కు ఒక తేదీ వేస్తాడు. అది ముగిసేసరికి మధ్యాహ్న భోజనం దగ్గర పడుతుంది. మిగిలిన పూటలో సాక్ష్యాలు వినాలి, వాదనలు వినాలి, రాత్రి ఇంటికెళ్ళి తీర్పు రాయాలి, మూడేళ్ళకోసారి బదిలీ అయి సామాను సర్దుకోవాలి. జనాభాలో పది లక్షల మందికి 50 మంది జడ్జీలు కావాలని లా కమిషన్ 1987లోనే లెక్క చెప్పింది. ఇప్పటికీ ఇరవై చిల్లర దగ్గరే ఉన్నాం. దేశంలో జిల్లా, కింది కోర్టుల్లో నలుగుతున్న కేసులు నాలుగు కోట్లకు పైమాటే. వాటిలో అందరికంటే ఎక్కువ కేసులున్న కక్షిదారు ప్రభుత్వం. ఓడిన ప్రతిదాని మీదా అప్పీలు వేసేదీ, కొత్త జడ్జీలను వెయ్యడానికి డబ్బు లేదనేదీ ఆ ప్రభుత్వమే. అంటే మీ ముప్పై సెంట్లకు సర్కారు వారు కూడా ఒక మూల కాపలా కాస్తున్నారన్నమాట. కృతజ్ఞతగా శిస్తు సకాలంలో కట్టండి.

సెలవుల సంగతి కూడా మర్చిపోకండి. సివిల్ కోర్టులకు వేసవిలో ఒక నెల. సంక్రాంతికి, దసరాకు కొన్ని రోజులు. ఎండాకాలం సెలవులేమిటని జనం మరీ సణుగుతుంటే సుప్రీంకోర్టు 2024లో ఒక సంస్కరణ తెచ్చింది. వేసవి సెలవుల పేరును ‘పాక్షిక పనిదినాలు’గా మార్చింది.

సాక్ష్యం దశకు చేరడమే గొప్ప, చేరాక భయపడాల్సిందేమీ లేదు. వాది తన కథంతా అఫిడవిట్‌గా రాసిస్తాడు, ఆయన దస్తావేజులకు ఏ-1, ఏ-2 అని గుర్తులు పడతాయి, మీవాటికి బి-1, బి-2. తర్వాత మీ ప్లీడరు ఆయన్ని క్రాస్ చెయ్యాలి. పక్కాయన మోకాళ్ళ నొప్పులతో రాలేక, డల్లాస్‌లో ఉన్న కొడుక్కి తన తరఫున వ్యవహరించమని జీపీఏ ఇచ్చాడనుకుందాం. ఆ అబ్బాయి పది రోజుల సెలవు పెట్టి, లక్షన్నర టికెట్ కొనుక్కుని, సూటు వేసుకుని బోనెక్కుతాడు. ఆ పూట మీ ప్లీడరు లేచి, కట్ట సిద్ధంగా లేదు, మరో తేదీ ఇప్పించండి అని వినయంగా అంటారు. ఖర్చుల కింద ఐదొందలు కట్టమంటే చిరునవ్వుతో కట్టండి. అమెరికా జీతం మీద ఐదొందల రూపాయల దెబ్బ ఎంత లోతుగా దిగుతుందో ఆ అబ్బాయి ముఖంలో చూడండి.

అబద్ధాలాడితే శిక్ష పడుతుందేమోనన్న జంకు మీకుంటే అదీ తీసేస్తాను. తప్పుడు వాదనని తెలిసి కూడా చేసి ఎదుటివాడిని వేధించినవాడి చేత పరిహారంగా కోర్టు కట్టించగలిగే ఖర్చుకు కోడ్ 35ఏ సెక్షనులో ఒక గరిష్ఠ పరిమితి ఉంది. అక్షరాలా 3,000 రూపాయలు. మీ గడ్డివాము అమ్మినా అంతకంటే ఎక్కువొస్తుంది.

మధ్యలో ఎవరైనా చనిపోతే? కోడ్ దూరదృష్టి గలది, దానికి 22వ ఆర్డరు మొత్తం కేటాయించింది. వాది పోతే దావా పోదు. తొంభై రోజుల్లో వారసుల్ని రికార్డులోకి తేవాలి. తేకపోతే దావా చచ్చిపోతుంది, దాన్ని బతికించమని అడగడానికి మరో అరవై రోజులుంటాయి, అవీ దాటితే ఆలస్యాన్ని మన్నించమని అర్జీ. వారసుల్లో ఒక కూతురి పేరు మర్చిపోయారని మీరు అభ్యంతరం చెప్పొచ్చు. మనిషికి కర్మకాండ పదమూడు రోజుల్లో ముగుస్తుంది. కోర్టులో అంత తొందర ఉండదు.

ఇదంతా సివిల్ వైపు సౌఖ్యం. పొరపాటున కూడా గోడ అవతల క్రిమినల్ వైపు చూడకండి, అక్కడ వాయిదాకు వేరే రుచి. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో రెండే వాయిదాలన్నారు. కానీ అక్కడ ముద్దాయి జామీనుదారు దొరక్క జైల్లో కూర్చుని ఉంటాడు. దేశంలో ఖైదీల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది విచారణ ఖైదీలే, అంటే నేరం చేశారని ఇంకా ఏ కోర్టూ అననివాళ్ళు. మీకు వాయిదా పడితే ఒక పంట, వాడికి వాయిదా పడితే ఒక నెల. బెంచ్ క్లర్కు రెండు తేదీలూ ఒకే కలంతో రాస్తాడు.

నడుమ లోక్ అదాలత్ నుంచి మీకు పిలుపు రావచ్చు. తప్పకుండా వెళ్ళండి. ‘రాజీమార్గమే రాజమార్గం’ అని బ్యానరు కట్టి ఉంటుంది. అక్కడ కుదిరిన రాజీకి డిక్రీ విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు, వాదికి కోర్టు ఫీజు వెనక్కొస్తుంది. చెరి కాస్త తగ్గండి అని పెద్దమనుషులు నచ్చజెబుతారు. పక్కాయన తగ్గితే ఆయన భూమిలో సగం పోతుంది. మీరు తగ్గితే ఆయన భూమిలో సగం మీకొస్తుంది. బ్యాంకు బాకీలకూ మోటారు ప్రమాదాల కేసులకూ ఇది నిజంగానే మేలు చేసింది. గట్టు జరిపినవారికి చేసినంత మేలు ఇంకెవరికీ చెయ్యలేదు.

సరే, ఎంత కాదన్నా ఒకనాడు తీర్పు వస్తుంది. మీరు ఓడిపోతారు. దస్తావేజు ఆయనది, సర్వే రాయి మీ గడ్డివాము కింద, ఓడిపోక ఏమవుతారు? తీర్పు ఇంగ్లీషులో ఉండొచ్చు. గెలిచిన పక్కాయన అందులో ఏముందో ప్లీడరు చేత చెప్పించుకుంటాడు, ఓడిన మీరూ చెప్పించుకుంటారు. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక భూ వివాదంలో తెలుగులో తీర్పిస్తే అది పత్రికలకు వార్త అయింది. తెలుగు నేల మీద, తెలుగువాళ్ళ పొలం గురించి, తెలుగులో రాయడం వార్త.

తీర్పు అంటే కారణాలతో కూడిన నిర్ణయం. డిక్రీ అంటే దాన్నుంచి తీసిన, అమలు చెయ్యదగ్గ సారాంశం. రెంటికీ నకళ్ళ అర్జీ పెట్టండి. నకలు తయారవడానికి పట్టిన రోజులు మీ అప్పీలు గడువులో లెక్కలోకి రావు. మొదటి అప్పీలు కింది కోర్టు స్థాయిని బట్టి సీనియర్ సివిల్ జడ్జికో, జిల్లా జడ్జికో వెళ్తుంది. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ ఆగదు, అందుకు స్టే తెచ్చుకోవాలి. అక్కడా ఓడితే హైకోర్టులో రెండో అప్పీలు. అక్కడ గట్టు గురించి మాట్లాడకూడదు, ముఖ్యమైన న్యాయపరమైన ప్రశ్న ఉండాలి. దాన్ని కనిపెట్టడమే మీ సీనియర్ గారి ఫీజుకు అర్థం. ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు మంజూరైన జడ్జీ పోస్టులు 37, తెలంగాణకు 42. మంజూరైన కుర్చీలు ఎప్పుడూ నిండవు కాబట్టి, స్వీకరించిన అప్పీలు తుది విచారణకు ఎప్పుడొస్తుందని అడగడం అమర్యాద. అప్పుడప్పుడు అప్పీలు కోర్టు కేసును రిమాండు చేస్తుంది, అంటే కింది కోర్టుకు పంపి మళ్ళీ వినమంటుంది. వైకుంఠపాళిలో పెద్ద పాము అదే. మింగేది మాత్రం వాదిని.

స్టేల గురించి మీరొకసారి జడుసుకుని ఉండాలి. 2018లో సుప్రీంకోర్టు, విచారణను ఆపుతూ ఇచ్చిన స్టే ఆరు నెలల్లో దానంతటదే పడిపోతుందని అంది. మీలాంటివారి ఇళ్ళల్లో పొయ్యి వెలగని కాలమది. 2024 ఫిబ్రవరిలో ఐదుగురు జడ్జీల ధర్మాసనం, అలా దానంతటదే పడిపోవడం సరికాదని తిరగరాసింది. వాళ్ళు చెప్పిన న్యాయసూత్రం సబబైనదే, కోర్టు ఆలస్యానికి కక్షిదారుని శిక్షించకూడదు. ఆ కక్షిదారు మీరైనప్పుడు కూడా శిక్షించకూడదు మరి.

చివరికి సుప్రీంకోర్టు కూడా మీ అప్పీలు కొట్టేసిందనుకోండి. ఇప్పుడు మీరు పూర్తిగా, తిరుగులేకుండా, దేశంలో ఏ కోర్టూ కాపాడలేనంతగా ఓడిపోయారు. పొలం మాత్రం మీ దగ్గరే ఉంది.

డిక్రీ చేతికొచ్చాకే భారతదేశంలో కక్షిదారు కష్టాలు మొదలవుతాయన్న అర్థంలో బ్రిటిష్ వారి ప్రీవీ కౌన్సిల్ 1872లోనే మాట్లాడింది. దొరలకు తెలిసింది, మనకు తెలియదా? డిక్రీ అమలుకు ఇంకో పిటిషన్ వెయ్యాలి, దాన్ని ఇ.పి. అంటారు. వెయ్యడానికి పన్నెండేళ్ళ గడువుంది, వేశాక ముగియడానికి లేదు. గెలిచినాయన ఇప్పుడు డిక్రీదారు, మీరు తీర్పు రుణస్థులు. దీనికి కోడ్‌లో 21వ ఆర్డరు ఉంది, నూటికి పైగా రూల్స్‌తో అన్నిటికంటే పొడవైనది. కోర్టు అమీనా స్వాధీనం చేయించడానికి వస్తాడు. మీ తలుపు వెనక నుంచి మీ బావమరిది వస్తాడు. ఈ భూమిలో నాకూ వాటా ఉంది, నేను కేసులో లేను, నన్ను ఎలా వెళ్ళగొడతారు అంటాడు. అడ్డుకున్నవాడి హక్కు ఏమిటో కోర్టు దావాలాగే విచారించి తేల్చాలి. మళ్ళీ సాక్షులు, మళ్ళీ క్రాస్, ఆ ఉత్తర్వు మీద మళ్ళీ అప్పీలు. బావమరిది అయిపోతే కౌలుదారు. కౌలుదారు తర్వాత పోలీసు సాయం కావాలని ఆయన అర్జీ, పండగ బందోబస్తు ఉంది, సిబ్బంది లేరని స్టేషను జవాబు. మీరు తిన్న పంటకు లెక్క చెప్పమని ఆయన అడిగితే దానికి విడిగా ఇంకో విచారణ.

ఇ.పి.లు ఆరు నెలల్లో ముగించాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది. 2025లో మళ్ళీ గుర్తుచేసి, హైకోర్టుల నుంచి లెక్కలు తెప్పించుకుంది. దేశమంతటా 8.82 లక్షల అమలు పిటిషన్లు పెండింగులో ఉన్నాయని తేలింది. ఆ సంఖ్య చూసి సుప్రీంకోర్టు తీవ్ర అసంతృప్తి ప్రకటించింది. అసంతృప్తికి ఇ.పి. వెయ్యడం కుదరదు.

ఆరోగ్యం జాగ్రత్త. మీరు పోయినా డిక్రీ పోదు, మీ ఆస్తి ఎవరికి చేరితే వాళ్ళ మీద అమలు చెయ్యొచ్చని కోడ్ 50వ సెక్షను. అందుకని పిల్లలకు ఇప్పట్నుంచే తర్ఫీదివ్వండి. పెద్దవాణ్ణి వకీలు దగ్గరికి పంపండి, చిన్నవాడికి అమీనా వచ్చినప్పుడు ఏ తలుపు వెనక నుంచి రావాలో నేర్పండి. వీలునామా రాయించేటప్పుడు హద్దులు తడబడకుండా చెప్పండి. తూర్పున కాలువ, దక్షిణాన దారి, పడమర మీ అన్నగారి చేను. ఉత్తరం దగ్గర ‘వివాదం’ అని రాస్తానని స్టాంపు రైటరు అంటే వినకండి, ‘గట్టు’ అనే రాయించండి. ఏ గట్టని అడగాల్సినాయనకు ఎనభై దాటాయి, వచ్చే నెల పదిహేడున ఆయనకు వాయిదా ఉంది.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి